పుట్టకముందు విన్న నేల

పెళ్ళిచూపులవాళ్ళు గడప తొక్కకముందే పిల్లకు తల దువ్వి పూలు పెట్టినట్టు, హుసేనమ్మ, ఆమె మొగుడు మద్దిలేటి కలిసి తమ బీడును ముస్తాబు చేశారు. బీడుకు ముస్తాబంటే ఏముంటుంది? మంద కట్టడమే. సాయంత్రం తాళ్ళ వల చుట్టి, గొర్రెలను లోపలికి తోలి, తెల్లవారేదాకా అక్కడే పడుకోబెడితే పెంటికలూ ఉచ్చా నేలకు పడతాయి. నాలుగు చినుకులు రాలితే కసువు మోకాలెత్తు లేస్తుంది. నల్లబోలు చుట్టుపక్కల రైతులు తమ చేలలో మంద కట్టమని మద్దిలేటిని బతిమాలి పిలుచుకుపోతారు. అలాంటిది ఆ వానాకాలం అతను పిలిచినవాళ్ళకల్లా ఏదో ఒక సాకు చెప్పి, మందను సొంత బీడులోనే కట్టాడు.

"బీడులోకి ఎవరూ పోవద్దని మేడం చెప్పింది గదా?" అని హుసేనమ్మ ఒకసారి అనుమానపడింది.

"మనుషులు పోవద్దనింది. మడక పోవద్దనింది. ట్రాక్టరు పోవద్దనింది. గొర్రెలు పోవద్దనిందా?"

"అనలేదు."

"మరి? బోడిగుండు మాదిరి కనపడితే, ఈ నేల మాకొద్దులే అని పోతారు. అప్పుడు కూచోని ఏడుస్తావు."

"మందతో పాటు నువ్వుండావు గదా, మనిషివి?"

"నేనేం మనిషిని మే? గొర్రెల్లో గొర్రెను."

హుసేనమ్మ నవ్వింది. ఆ పైన ఆమె కూడా సాయంత్రాలు జొన్నరొట్టె, ఊరిబిండి మూటగట్టుకుని బీడుకు వెళ్ళి, వెనకబడ్డ గొర్రెపిల్లలను "బ్బో... బ్బో..." అని పిలిచి వలలోకి చేర్చి, కాసేపు కూర్చుని వచ్చేది.

మేడం అంటే వైదేహి. జిల్లాలో కొత్తగా పెట్టిన పక్షుల కేంద్రంలో శాస్త్రవేత్త. నడివయసు మనిషి, ఎండకు కమిలిన ముఖం, మెత్తని మాట. ఆమె మనుషులు వచ్చి బీడంతా జానెడేసి ఇనప మేకులు దిగ్గొట్టి పోయారు. ఒక్కో మేకు తలలో జొన్నగింజంత చెవి ఉంది. నేలలో పుట్టే ప్రతి అదురునూ అది వింటుంది. గాలికి ఊగే కసువు తన వేళ్ళను లాగడం, చీమలబారు నడక, చినుకు దిగడం, అన్నీ. ఒక వానాకాలమంతా విని, ఆ నేల ఎలా ఉంటుందో యంత్రానికి నేర్పుతారు. యంత్రం గుడ్డుకు నేర్పుతుంది.

"గుడ్డుకు చదువేంది మేడం?" అని మద్దిలేటి పకపకా నవ్వాడు.

వైదేహి కూడా నవ్వింది. "బట్టమేక పిట్టలు ఈ దిక్కున అయిపోయాయి మద్దిలేటి గారూ. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన గుడ్లు చేతివేళ్ళ లెక్కకు కూడా సరిపోవు. పెట్టెలో పొదిగించి వదిలితే, ఎక్కడ ఉండాలో తెలియక తిరిగి తిరిగి కరెంటు తీగలకు తగులుకుంటున్నాయి. నేల మీద, తల్లి కింద ఉన్న గుడ్డు లోపల నుంచే తన నేలను వింటుంది. మా గుడ్లకు తల్లి లేదు. అందుకని నేలనే తీసుకుపోయి వినిపిస్తాం. రెక్కలొచ్చాక అది ఆ నేలనే వెతుక్కుంటుంది."

"వెతుక్కుంటా వచ్చేసరికి ఇక్కడ చేను దున్నేసి ఉంటే?" అంది హుసేనమ్మ.

"దాని కోసమే మీ దగ్గరికి వచ్చాను."

ఆమె తెచ్చిన ఒప్పందానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది. ఊళ్ళో నోరు తిరగక మడక కట్టు అన్నారు. భూమి హుసేనమ్మదే. అమ్ముకోవచ్చు, బిడ్డకు ఇచ్చుకోవచ్చు, కసువు కోసుకోవచ్చు, గొర్రెలు మేపుకోవచ్చు. కానీ మడకతో దున్నకూడదు, బోరు వేయకూడదు, స్తంభం పాతకూడదు, తీగ లాగకూడదు, యంత్రం దించకూడదు. ఇవాళ ఆమె ఒప్పుకుంటే రేపు ఆమె బిడ్డా, ఆ తర్వాత కొనేవాడూ, వాడి మనవళ్ళూ ఒప్పుకున్నట్టే. దానికి గడువంటూ లేదు. బదులుగా ఏటా ముట్టేది, సోలారు కంపెనీవాళ్ళు ఇస్తామన్న గుత్త ముందు చెప్పుకోదగ్గది కాదు.

అయినా హుసేనమ్మకు సంతకం పెట్టాలనే ఉండింది. ఆ బీడు ఆమె తల్లి పసుపుకుంకుమ కింద ఇచ్చినది. తల్లికి ఆమె తల్లి ఇచ్చినది. చిన్నప్పుడు తల్లి పక్కన ఆ నేలకు చెవి ఆనించి పడుకుంటే, బట్టమేక పోతు పిలుపు నేలలో నుంచి వచ్చి కడుపులో మోగేది. ఖాళీ బానలో ఎవరో మూతిపెట్టి పలికినట్టు 'హూమ్' అని. ఆ మోత ఆగిపోయి ఏళ్ళయింది. ఎప్పుడు ఆగిందో మాత్రం ఆమెకు తెలియదు. రోజూ వినే మోత ఆగిన రోజు తనకు తెలియకపోవడమే ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

వానాకాలం వెళ్ళాక నేల పరీక్షలో నెగ్గింది. "ఇంత జీవం ఉన్న నేలను నేను ఎక్కడా వినలేదు," అని వైదేహి మురిసిపోయింది. మద్దిలేటి హుసేనమ్మ వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. మడక కట్టు రిజిస్టరయింది.

*

కూతురు చౌడేశ్వరి నంద్యాలలో వ్యవసాయం డిప్లొమా చదువుతుండేది. సెలవులకు వచ్చి సంగతి విన్నది. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"నన్నడిగినావామ్మా?"

"అడిగేదేముంది మే. నా భూమి, నేనింకా బతికే ఉండా గదా."

"నీ తర్వాత?"

"నీదే."

"నాదేంది? గుంత తవ్వకూడదు, గుంజ పాతకూడదు. మిరపనారు నర్సరీ పెడతా, బోరేస్తా, నీడవల కడతా అని వచ్చినప్పుడల్లా చెప్తాండా. నువ్వు రొట్టె తడతా ఊ కొడతాండావు గదా, ఏమి విన్న్యావు? ఇప్పుడు నాకిచ్చేది భూమి కాదు. భూమి ఫోటో."

"ఆ పిట్టకు చోటు లేదు తల్లీ..."

"పుట్టని పిట్టకు చోటు పెట్టినావు. పుట్టిన బిడ్డనేమో ఒక మాట అడగలేదు. నా కడుపున పుట్టబోయేవాళ్ళ తరపున కూడా నువ్వే సంతకం పెట్టినావు."

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. మద్దిలేటి లేచి దాన్ని తిప్పేశాడు.

చదువు ముగిశాక చౌడేశ్వరి ఎవరూ అనుకోని పని చేసింది. ఆ పక్షుల కేంద్రంలోనే గుడ్లగదిలో ఉద్యోగానికి చేరింది. "నా భూమి మింగిన పిట్ట మొహం ఎట్లుంటాదో చూస్తా," అని తండ్రితో చెప్పి సంచి భుజాన వేసుకుంది. తల్లితో చెప్పలేదు.

*

గుడ్డు పగిలే రోజున వైదేహి హుసేనమ్మను పిలిపించింది.

గుడ్లగదిలో చల్లగా, మసకగా ఉంది. మధ్యలో నల్లని మెత్త పరిచిన తొట్టి. దాన్ని అక్కడివాళ్ళు ఒడి అంటారు. ఒడిలో ఒకే ఒక గుడ్డు, బూడిదరంగు మీద ఎర్రమట్టి చుక్కలు. చౌడేశ్వరి తెల్లకోటు వేసుకుని పక్కనే నిలబడి ఉంది. తల్లిని చూసి పలకరించలేదు గాని, కుర్చీ జరిపింది.

"ఒడిలో పెట్టింది మొదలు ఇది మీ బీడునే వింటోంది," అంది వైదేహి. "చెయ్యి పెట్టి చూడండి."

హుసేనమ్మ చేతిని చీరకు తుడుచుకుని ఒడి అంచున ఆనించింది. మెత్త సన్నగా అదురుతోంది. కళ్ళు మూసుకుంది. మొదట గాలి. తర్వాత ఏదో దగ్గరకొస్తున్నట్టు... దబదబా చిన్న చిన్న గిట్టలు. ఒకదానికొకటి ఒరుసుకుని పడుకునే బరువులు. నెమరు వేసే దవడలు. ఒక ముసలి గొర్రె దగ్గు. వాటన్నింటి మధ్యనుంచి, చాలా దూరంగా, ఒక ఆడగొంతు.

ఆమె ముఖం విప్పారింది. "ఓయమ్మా! ఇది మా మంద! ఇదిగో, పిల్లల్ని పిలుస్తాండేది నేనే!"

వైదేహి నవ్వలేదు. "మంద ఏమిటి?"

హుసేనమ్మ దాచడానికేమీ లేదనుకుంది. బీడు కళగా కనబడాలని మంద కట్టిన సంగతి, గొర్రెలు పోవద్దనలేదు గదా అన్న సంగతి, అంతా చెప్పింది. చెబుతుండగానే ఏదో తప్పు జరిగిందని అర్థమై ఆమె ఒడి మీది చెయ్యి తీసేసింది.

వైదేహి పక్కనున్న బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. "యంత్రం అన్నింటికన్నా బలంగా, రోజూ వచ్చే అదురును ఏరుకుంటుంది. అదే నేల గుండెచప్పుడు అని నేను పొంగిపోయాను. ఒక్కసారైనా నా చెవితో నేను వినలేదు. గీతలే చూశాను." తనలో తాను అనుకున్నట్టు అంది. "దీనికి నేలంటే మందే. మంద ఎక్కడుంటే అదే ఇల్లు."

అప్పుడే గుడ్డు మీద చిన్న నెర్ర విచ్చింది. తప్పు ఎవరిదో తేల్చుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. తడి ఈకల ముద్ద ఒకటి పెంకును తోసుకుని బయటపడి, మెడ నిలబెట్టలేక ఒరిగింది. దాని కింద చెయ్యి పట్టింది చౌడేశ్వరి. ఆ పిట్ట మొహం చూడాలని వచ్చిన పిల్ల, చాలాసేపు చూస్తూనే ఉండిపోయింది.

*

వైదేహి భయపడినట్టే జరిగింది. రెక్కలొచ్చిన పెట్టను బీడులో వదిలితే, అది ఆ నాలుగు దిక్కులూ చూసి, మద్దిలేటి మంద ఏ ఊరి పొలిమేరలో ఉందో అక్కడికి వెళ్ళి వాలింది. ఇక వదల్లేదు. మంద నడిస్తే తనూ నడిచేది. తెల్లని పొడుగు మెడ ఎత్తి, గొర్రెల పక్కన పెద్దముత్తైదువలా అడుగులు వేసేది. మొదట్లో మొరిగిన కుక్క కూడా తర్వాత దాన్ని లెక్కలో వేసుకుంది.

ఊళ్ళో నవ్వులకు కొదవలేదు. "ఏం హుసేనక్కా, మీ ఆడబిడ్డకు ఈ పండగకు చీర పెట్టినావా?" అని అడిగేవాళ్ళు. "పెడితే కట్టుకుంటాదా, కాళ్ళు పొడుగు," అనేది హుసేనమ్మ. కానీ పిట్ట రోడ్డు దాటిన ప్రతిసారీ, తీగల కింద నడిచిన ప్రతిసారీ ఆమె అది దాటేదాకా చూస్తూ నిలబడేది. మడక కట్టు పడ్డ బీడు మాత్రం నిండా కసువుతో, ఖాళీగా, ఎవరికోసమో పరిచిన పక్కలా ఉండిపోయింది.

పిట్ట ఈడేరింది. పక్క తాలూకాలో వదిలిన పోతు ఒకటి వచ్చి జతకట్టి పోయింది. ఆ వానాకాలం మంద రామసుబ్బారెడ్డి చేనులో ఉంది. రెడ్డి తన చేలో సారం తక్కువని చెప్పి, కట్టిన చోటే మళ్ళీ మంద కట్టించుకున్నాడు. పెట్ట ఒక ఉదయం మంద అప్పుడే లేచిన వెచ్చని చోటే చూసుకుని గుడ్డు పెట్టింది. సాయంత్రం మంద మళ్ళీ అక్కడికే వచ్చింది.

తెల్లవారి మద్దిలేటి ఇంటికొచ్చి, తలగుడ్డ విప్పి, పెంకుముక్కలు గడప మీద పెట్టాడు. రొట్టె పెడితే తినలేదు.

వైదేహి వచ్చి ఆ ముక్కలు చూసింది. "బట్టమేక ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. వచ్చే ఏడు కూడా ఇలాగే పోతే, పెట్టను పట్టి కేంద్రంలో పెట్టేయమంటున్నారు పైవాళ్ళు. బతికినన్నాళ్ళూ బోనులోనే. నాకూ వేరే దారి కనబడటం లేదు."

"ఆ ఒడి యంత్రాన్నే తెచ్చి మా బీడులో పూడిస్తే? మంద ఉందనుకుని వస్తాది గదా," అంది హుసేనమ్మ.

"యంత్రం దించకూడదు, తీగ లాగకూడదు అని మనమే రాసుకున్నాం హుసేనమ్మ గారూ. ఇవాళ మనకోసం విప్పితే, రేపు ఇంకొకరి కోసం విప్పాలి. అప్పుడది కట్టు ఎలా అవుతుంది?"

వైదేహితో పాటు వచ్చి గడప దగ్గర కూర్చున్న చౌడేశ్వరి తలెత్తింది. "గొర్రెలు మేపుకోవచ్చని ఉంది గదా మేడం, దాంట్లో?"

"ఉంది."

"మంద మా బీడులోనే కడదాం. ఒక మూల మొదలుపెట్టి, రోజూ వల కొంచెం ముందుకు జరుపుదాం. వెనక్కి మాత్రం రాకూడదు. మంద లేచిపోయిన చోట అది గుడ్డు పెడతాది. పొదగడానికి కూచున్న్యాక ఇంకా దూరం జరుపుదాం, ఇంకా దూరం. బీడు దాటి, గట్టు దాటి."

"ఒక్కసారిగా తీసుకుపోతే సరిపోదా?" అన్నాడు మద్దిలేటి.

"నీడవల కింద పెంచిన నారును ఒక్కసారే ఎండలో పెడితే వాడిపోతాది నాయనా. దినానికింత నీడ తీస్తాం. అట్ల." ఆమె పెంకుముక్కను వేలితో తిప్పింది. "గుడ్డు మొదట్లో సరిగా వినదు. బిడ్డకు లోపల చెవి వచ్చేసరికి మంద చప్పుడు ఉండకూడదు. తల్లికి మనం కట్టిన కట్టు బిడ్డకు ఉండకూడదు."

వైదేహి ఆమెనే చూస్తూ, "అవుతుందేమో," అంది. తర్వాత గట్టిగా, "అవుతుంది," అంది.

*

మరుసటి ఏడు వానలు దగ్గర పడ్డాయి. మద్దిలేటి మోకాళ్ళు ఆ చలికాలమే చెడ్డాయి. రోజూ వల విప్పి, గుంజలు పీకి, మళ్ళీ కట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మంద కోసం కబురు పెట్టిన రైతులు రాలేమంటే మొహం మాడ్చుకుని పోయారు.

చౌడేశ్వరి అప్పటికి కేంద్రంలో ఉద్యోగం మానేసింది. రోడ్డు పక్కన పెదనాన్న దస్తగిరి చేనులో నారుమడికి ఒక ఎకరా గుత్తకు ఇప్పించింది హుసేనమ్మే. అడగడానికి ఆ బావ గడప ఎక్కక ఎక్కక ఎక్కింది. మిరపనారు పోసే అదను, పిట్ట గుడ్డు పెట్టే అదను ఒకటే.

హుసేనమ్మ కూతురి దగ్గరికి వెళ్ళి, నారుమడి గట్టున కూర్చుంది.

"మే చౌడీ. మీ నాయనకు కాళ్ళు రావడంలేదు. నాకొక్కదానికి వల లాగడం కాదు. నువ్వొస్తే నీ నారు చెడతాది, నాకు తెలుసు. కాదంటే కాదను, నేనేమీ అనుకోను. ఈసారి అడుగుతాండా."

చౌడేశ్వరి నారు మధ్య గడ్డి పీకుతూనే ఉంది. పిడికెడు పీకి గట్టు మీద వేసింది. ఇంకో పిడికెడు పీకింది.

"ఈ వానాకాలానికి వస్తా," అంది చివరికి. "వచ్చే వానాకాలం సంగతి వచ్చే వానాకాలం అడుగు."

"అడుగుతా."

"ప్రతి ఏడూ అడగాల."

"అడుగుతాలే మే, చెప్తాండా గదా!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. చాలా ఏళ్ళకు.

అనుకున్నట్టే పని సాగింది. సాయంత్రం అయ్యేసరికి తల్లీ కూతురూ వల పీకి ముందుకు జరిపేవాళ్ళు. మద్దిలేటి గొంగడి కప్పుకుని కూర్చునే అజమాయిషీ చేసేవాడు. "అట్ల కాదు, గుంజ వాల్చి కొట్టు. ఏం చదువుకున్న్యావో ఏమో." పెట్ట వాళ్ళ వెనకే తిరిగింది. ఒక ఉదయం మంద లేచిపోయిన చోట, కసువు కుదురు పక్కన, కదలకుండా కూర్చుని ఉంది. దాని కింద ఏముందో ఎవరూ వెళ్ళి చూడలేదు.

అప్పటినుంచి వల దూరమవుతూ పోయింది. నారు సగం ముదిరి వంగిపోయింది. చౌడేశ్వరి ఉదయం అక్కడా సాయంత్రం ఇక్కడా అయి, నడుస్తూనే నిద్రపోతున్నట్టుండేది. ఆ మాట ఎత్తితే మాత్రం కసిరేది.

మంద గట్టు దాటాల్సిన సాయంత్రం వచ్చింది. వైదేహి రోడ్డు మీద తన జీపు దగ్గరే ఆగింది. మద్దిలేటి కుంటుకుంటూ మందను గట్టు అవతలికి తోలుకుపోయాడు. తల్లీ కూతురూ కసువులో బోర్లా పడుకుని చూస్తున్నారు.

గొర్రెల చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగింది.

పెట్ట మెడ ఎత్తింది. గట్టు వైపు చూసింది. లేచి నిలబడింది. కాళ్ళ మధ్య గుడ్డు కనబడింది, మట్టిలో మట్టిలా. ఆకాశంలో ఎక్కడో ఒక గద్ద తిరుగుతోంది. పెట్ట ఒక అడుగు వేసింది. ఇంకొకటి. గట్టు వైపే.

హుసేనమ్మ గొంతులోకి ఆ పిలుపు దానంతటది వచ్చింది. పుట్టకముందే ఆ పిట్ట విన్న పిలుపు. 'బ్బో' అంటే చాలు, ఆగుతుంది, తిరిగి చూస్తుంది, ఆమె ఎటు పిలిస్తే అటు వస్తుంది. ఆమె నోరు తెరిచింది.

చౌడేశ్వరి చెయ్యి ఆమె నోటి మీద పడింది. మిరపాకు వాసన వేసే చెయ్యి. "పిలవద్దమ్మా," అంది ఊపిరితోనే. "దాన్నే తేల్చుకోనీ."

హుసేనమ్మ నోరు మూసుకుంది. అది ఆమె జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

పెట్ట నిలబడే ఉంది. గాలికి దాని తలమీది నల్లని కుచ్చు లేచి పడింది. చాలాసేపు అది గట్టునూ, గుడ్డునూ మార్చి మార్చి చూసింది. తర్వాత, అక్కడ ఏదో మరిచిపోయి గుర్తొచ్చినదానిలా వెనక్కి తిరిగి, నడిచి, కాళ్ళు మడిచి, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

తల్లీ కూతురూ కదల్లేదు. కాసేపటికి చౌడేశ్వరి మెల్లగా చెంప వాల్చి నేలకు చెవి ఆనించింది. చిన్నప్పుడు తను పడుకున్నట్టే పడుకున్న కూతుర్ని హుసేనమ్మ చూసింది.

"మంద ఏమన్నా వినపడతాందా?"

"లేదు," అంది చౌడేశ్వరి కళ్ళు మూసుకుని. "ఏమీ లేదమ్మా. ఒట్టి నేల."